ఉగాది మర్నాడు మూసే దారి

నా చిన్నప్పుడు మా ఇంటికి సొంత దారి లేదు. అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇదేమంత వింత కాదు. మా ఇల్లు కాలవ గట్టు మీద ఉండేది. మాకూ తారు రోడ్డుకూ మధ్య ముందింటి మామ్మగారి కొబ్బరి తోట. బడికైనా, బస్సుకైనా ఆ తోటలోంచే పోవాలి. లేదంటే గట్టు పట్టుకుని వంతెన దాకా నడిచి, మళ్లీ రోడ్డు మీద అంత దూరమూ వెనక్కి రావాలి. మామ్మగారు మాకు చుట్టం కాదు, అయినా మమ్మల్ని ఏనాడూ వద్దనలేదు. దారిలో రాలిన కాయ ముట్టుకుంటే మాత్రం ఊరుకునేవారు కాదు. నడక మీది, కాయ నాది అనేవారు.

ఏడాదికి ఒక్కరోజు, ఉగాది మర్నాడు, ఆవిడ ఆ దారి మూసేసేవారు. మూయడమంటే గేటూ తాళమూ కాదు. పొద్దున్నే ఒక పచ్చి కొబ్బరి మట్ట ఈడ్చుకొచ్చి దారికి అడ్డంగా పడేసేవారు, పొద్దుగూకాక తీసేసేవారు. ఆ రోజుకి వెనక వరస ఇళ్లవాళ్లమంతా గట్టు మీంచి చుట్టూ తిరగాల్సిందే. మట్టదేముంది, కాలెత్తి వేస్తే దాటొచ్చు. కానీ ఎవరూ దాటేవారు కాదు. మామ్మగారి చాదస్తమని మా అమ్మ నవ్వేది. అది చాదస్తం కాదు, ఒట్టి పెత్తనమని నేను పళ్లు నూరేదాన్ని.

నేను ఏడో తరగతికొచ్చిన ఏడు మొదటి పరీక్ష సరిగ్గా ఆ రోజే పడింది. అప్పట్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. తప్పితే ఇంక బడి మాట ఎత్తొద్దని నాన్న ముందే చెప్పేశారు. పరీక్ష పక్క ఊళ్లో. ఆ గాభరాలో మట్ట సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. అట్ట చంకలో పెట్టుకుని బస్సు వేళకి తోటలోకి పరిగెత్తాను. దారికి అడ్డంగా మట్ట ఉంది. దానికి అవతల పీట మీద కూర్చుని మామ్మగారు చీపురుకి ఈనెలు తీస్తున్నారు.

"మామ్మగారండీ, ఇవాళ పరీక్షండీ. బస్సెళ్లిపోద్దండీ" అన్నాను.

"ఆయ్, తెలుసమ్మా. నిన్ననే మీ అమ్మతో చెప్దామనుకుని మర్చిపోయేను."

"అయితే మట్ట తీసేయండి."

"తీయకూడదమ్మా" అన్నారు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అంత ముసలావిడ ఒక పిల్ల చదువు కంటే ఎండిపోయే మట్ట ఎక్కువనుకుంటుందా అని ఒళ్లు మండిపోయింది. దాటేద్దామని కాలెత్తాను కూడా. ఆవిడ నన్ను ఆపలేదు. ఈనెలు పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, చెప్పులేసుకుని, ఆవిడే మట్ట దాటి నా వైపుకి వచ్చారు. నా చెయ్యి పట్టుకుని, "పద, చుట్టూ తిరిగి వెళ్దాం. నిన్ను దింపే పూచీ నాది" అన్నారు.

మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే గోడ పట్టుకుని నడిచే మనిషి, గట్టు మీద నా కంటే ముందు నడిచారు. ఆయాసపడుతూనే తన పుట్టింటి సంగతి చెప్పారు. వాళ్ల నాన్నగారు పక్కవాళ్లని పెరట్లోంచి నడవనిచ్చారట. ఏళ్ల తరబడి ఎవరూ ఏమీ అనుకోలేదు. చివరి తమ్ముడికి ఆ చోట గది వేద్దామని పునాది తీస్తే, ఇది మా దారి, మా హక్కు అని వాళ్లు కోర్టుకెక్కారట. కోర్టూ అవుననే అంది. తమ్ముడు అద్దె ఇంటికి పోయాడు. నాన్నగారు తన పెరట్లో తానే పరాయివాడిలా మిగిలిపోయారు.

"ఇవ్వడం నాకిష్టమేనమ్మా. నేనిచ్చేనన్న మాట కూడా మిగలాలి కదా" అన్నారు మామ్మగారు. ఒక్కరికి మట్ట తీస్తే ఆ రోజు మూసినట్టు కాదని, అందుకే తీయలేదని చెప్పారు. అలాంటప్పుడు దారి పూర్తిగా మూసేయొచ్చుగా అని అడిగాను, ఇంకా కోపంగానే. "మూసేస్తే మీరెలా వెళ్తారే?" అని నా వైపు వింతగా చూశారు.

వంతెన దగ్గర కొబ్బరికాయల వ్యాను వస్తుంటే చెయ్యడ్డం పెట్టి ఆపారు. అది ఆవిడ కాయలు కొనే షావుకారిదే. డ్రైవరు పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. గంట కొడుతుండగా నేను హాల్లోకి వెళ్లాను. పరీక్ష అయ్యేదాకా ఆవిడ బడి అరుగు మీదే కూర్చున్నారు. ఇంటి దగ్గర మట్టకి కాపలా ఎవరూ లేరు, ఆ రోజు కూడా దాన్నెవరూ దాటలేదు.

నా పెళ్లయిన కొన్నేళ్లకి మామ్మగారు ఆ దారి ఉన్నచోటే మనవడికి ఇల్లు కట్టించాలనుకున్నారు. దారిని తోట చివరికి జరుపుతానని కబురు పెట్టారు. ఇన్నేళ్లు నడిచాం, ఇది మన హక్కు, ప్లీడరు దగ్గరికి పోదామని మా వరసలో కొందరు లేచారు. నేనప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. ఎప్పుడూ పదిమందిలో నోరెత్తని మా నాన్న అన్నారు: "ఏటా ఒకరోజు గట్టు మీంచే కదండీ వెళ్లేం. మన దారే అయితే ఎందుకు తిరిగేమండీ?" ప్లీడరు మాట అక్కడితో ఆగిపోయింది. కొత్త దారి తోట చివరన పడింది. పాతదాని కంటే కాస్త వెడల్పుగానే ఇచ్చారు మామ్మగారు.

నాకు ఇప్పటికీ ఎవరైనా కాదంటే ముందు కోపమే వస్తుంది. కాదనే వీలున్న మనిషి ఔనంటేనే అది ఇవ్వడమని కాసేపాగి గుర్తు తెచ్చుకుంటాను. కాకినాడలో మేముంటున్న వాటాకి డాబా ఎక్కే మెట్లు లేవు. పక్క వాటా అమ్మాయి వరండాలోంచి వెళ్లి బట్టలారేసుకుంటాను. ఏళ్లుగా వెళ్తున్నా రోజూ గుమ్మంలో బకెట్టు పట్టుకుని నిలబడి, "వెళ్లనామ్మా?" అని అడుగుతాను. "ఇంకా అడగడమేంటండీ, ఇది మీ ఇల్లే అనుకోండి" అని విసుక్కుంటుంది.

అలా అనుకుంటానేమోననే అడుగుతాను.