రేడియో బీప్‌తో భూమి పంపకం

మా బాపుకూ, ఆయన అన్న పెద్దబాపుకూ మధ్య మాటలు పోయి అప్పటికే చాలా కాలమైంది. పంచుకోవడానికి మిగిలింది బోధన్ దగ్గరి చెరకు భూమి. రెండు ముక్కలు. ఒకటి నిజాంసాగర్ కాలువ పక్కన, ఇంకొకటి నీళ్లు చేరీ చేరని చివర. బాపుకు వేరే ఆధారం లేదు. కాలువ ముక్క పోతే ఆయన బతుకు ఎండినట్టే. చీటీలు వేసుకోమంటే ఇద్దరిదీ ఒకటే మాట: “చీటీ మడిచెటోడు ఎవడు?”

నేనప్పుడు నిజామాబాద్‌లో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని ఇద్దరు మనుషులు, కాంతి కణాలతో, మధ్యనున్న దూరం సాయంతో, మోసానికి వీల్లేని ఒప్పందం ఎలా చేసుకోవచ్చో ఎక్కడో చదివాను. కిటుకు చిన్నదే. ఏ కబురూ కాంతిని దాటి పరుగెత్తలేదు. కాబట్టి దూరంగా ఉన్న ఇద్దరూ ఒకే క్షణంలో నోరు తెరిస్తే, ఒకరి మాట విని ఇంకొకరు తమ మాట మార్చలేరు. కాంతి కణాలు నా దగ్గర లేవు, రేడియో ఉంది.

వార్తల ముందు వచ్చే చివరి బీప్‌కు ఇద్దరూ ఒకటో, రెండో అనాలి. అంకెలు కలిస్తే కాలువ ముక్క బాపుది, కలవకపోతే పెద్దబాపుది. నిజామాబాద్‌లో మా ఇంట్లో బాపు, ఆయన పక్కన కాపలాగా పెద్దబాపు కొడుకు. బోధన్‌లో పెద్దబాపు, పక్కన నేను. అంతసేపూ రెండిళ్లలోనూ ఫోన్ ఎత్తి పక్కన పెట్టాలి.

“మీ పెద్దబాపు రేడియోతోని గూడ మాట్లాడుకొని ఉంటడు,” అన్నాడు బాపు. నాకు ఒళ్లు మండింది.

బీప్ మోగింది. పెద్దబాపు తడుముకోకుండా “రెండు” అన్నాడు. ఫోన్ సరిగ్గా పెట్టగానే మోగింది. అవతల పెద్దబాపు కొడుకు, నీరసంగా: “చిన్నబాపు గూడ రెండే అన్నడు.”

బాపు గెలిచాడు. నాకు ఆనందం ఆగలేదు. “సూసినవా పెద్దబాపు, ఎవ్వరు మోసం చెయ్యలే!”

ఆయన నవ్వాడు. “చిన్నప్పట్నుంచి సరి బేసి ఆడితే మీ బాపు రెండే అంటడు బిడ్డా. ఇంకోటి అననీకె రాదు వానికి.”

“మరి నువ్వు ఒకటి ఎందుకు అనలే?”

“వానికి గా ముక్క తప్ప ఏమున్నది? ఊకె ఇస్తే తీసుకుంటడా?”

తిరుగు బస్సులో ఏడుపు ఆపుకోలేకపోయాను. ఇంటికి వెళ్లేసరికి బాపు మీసం దువ్వుకుంటున్నాడు.

“ఈసారి ఆయన ఆటలు సాగలే!”

చెబితే ఆ ముక్కను ఆ పూటే వెనక్కిచ్చేస్తాడు. నేను నోరు మూసుకుని ఆయనకు అన్నం పెట్టాను.