ముప్పై ఆరు సెంటీమీటర్ల అబద్ధం

ఐదేళ్ళుగా నా గుండె మీద ఒక సైకిల్ హ్యాండిల్ బార్ కూర్చుని ఉంది. చేత్తో ఎత్తితే పెద్ద బరువేం కాదు. అయినా మొయ్యలేకపోతున్నాను. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఇది నా భార్యకు చెప్పలేదు. దేవుడికి చెప్పుకునేటప్పుడు కూడా ఈ భాగం దగ్గర గొంతు తగ్గించేస్తాను.

నేను ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. మా ఆస్పత్రిలో పనిచేసే తెలుగువాళ్ళం ఐదుగురం శుక్రవారం తెల్లవారగానే సైకిళ్ళు తీస్తాం. ఎండ ముదరకముందే కొండల వైపు ఒక చుట్టు తిరిగొచ్చి, మధ్యాహ్నం వ్యాన్ ఎక్కి మస్కట్‌లో తెలుగు ఆరాధనకు వెళ్తాం. సైకిళ్ళ విషయంలో మాలో పండితుణ్ణి నేనే. ఎవరూ నియమించలేదు. రేసుల వీడియోలు మిగతావాళ్ళకంటే ఎక్కువ చూసేవాణ్ణి, అంతే.

ఆ ఏడాది నా కళ్ళు ఇరుకు బార్ మీద పడ్డాయి. బార్ వేరు, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ వేరు కాకుండా రెండూ కలిసి ఒకటే కార్బన్ ముక్క. బ్రేకు గొట్టాలు కూడా దాని లోపలినుంచే పోతాయి. వెడల్పు ముప్పై ఆరు సెంటీమీటర్లు. అప్పటిదాకా నాది నలభై రెండు. చేతులు దగ్గరికొస్తే ఛాతీకి గాలి తగలదని, గాలి తగలకపోతే వేగం దానంతటదే పెరుగుతుందని రెండు నెలలు అందరి చెవులూ కొరికేశాను. భుజాల వెడల్పు చూసుకోవాలి కదా అని ఒకాయన అంటే, అవన్నీ పాతకాలపు లెక్కలని కొట్టిపారేశాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మస్కట్ దాకా మోసుకెళ్ళి బిగించుకొచ్చాను.

మొదటి శుక్రవారం మెడ పట్టేసింది. రెండో శుక్రవారం నఖల్ రోడ్డు మీద నా ఉంగరం వేలూ చిటికెన వేలూ మొద్దుబారిపోయాయి. అరచేతిలో ఏ నరం ఎక్కడ నలుగుతోందో నాకు తెలియదా? నా ఉద్యోగమే అది. పాత బార్ మళ్ళీ పెట్టుకుంటే సరిపోయేది. కానీ ఏమైంది, ఎందుకు తీసేశావని నలుగురూ అడుగుతారు. రెండు నెలల ఉపన్యాసం మింగి, నాది తప్పని చెప్పాలి. ఇంత చిన్న విషయానికి మనిషి ఇంతగా భయపడతాడా అని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతూనే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే దానియేలు అన్న పుట్టినరోజు వచ్చింది.

దానియేలు అన్నది నరసాపురం దగ్గర. మా ఐదుగురిలో ఒకడు, క్యాజువాలిటీలో నర్సు. పసిబిడ్డ చేతిలో కంటికి కనపడని నరాన్ని కూడా మొదటి పోటుకే పట్టేస్తాడు. ఒమానీ తల్లులు వేరే నర్సు వస్తే బిడ్డను ఇవ్వకుండా, దానియేల్ ఏడీ అని అడుగుతారు. సైకిలెక్కితే చాలు, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా పాటలు పాడతాడు. ఇక ఆయన భుజాలంటారా, మా ఆస్పత్రి మందుల గది తలుపులోంచి కాస్త పక్కకు తిరిగి వస్తాడు. ఆ భుజాల మనిషికి, నా సైకిల్ నుంచి తీయించిన ముప్పై ఆరు బార్‌ను రంగు కాగితంలో చుట్టి కానుకగా ఇచ్చాను. అంత ముచ్చటపడి కొనుక్కున్నది అన్న కోసం ఇచ్చేశాడు, ఎంత మంచి మనసు అన్నారందరూ. నేను తల వంచుకున్నాను. దాన్ని వినయం అనుకున్నారు.

ఆ బార్ తన సైకిల్‌కు బిగించుకున్న నెలన్నర తర్వాత అన్న నా గదికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"తమ్ముడూ, ఈ చివరి రెండు వేళ్ళూ నాయి కాదన్నట్టు ఉంటన్నాయి. ఇయ్యాల చంటిబిడ్డకి కాన్యులా సూది పెట్టబోయి రెండుసార్లు తప్పాను. ఆ తల్లి నా మొహంలోకి చూసింది."

"ఎన్నాళ్ళ నుంచన్నా?"

"మూడు వారాలుంటది. షుగరేమోనని చూపించుకున్నా, లేదు. సైకిల్ వల్ల కాదు కదా?"

అడిగాడండీ. నోరు తెరిచి, సరిగ్గా అదే అడిగాడు. అవునన్నా అంటే అయిపోయేది.

"సైకిల్‌కీ దీనికీ ఏం సంబంధమన్నా? మెడ నుంచి వచ్చుంటది."

ఆయన చేతులు రెండూ బల్ల మీద పెట్టి చూసుకున్నాడు. "ఈ చేతులు పోతే డ్యూటీ పోద్ది. నాకింకో పని చేతకాదురా" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత నేను చేసింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. రోజూ ఆయన చేతులు వేడి మైనంలో ముంచాను. మెడకు వ్యాయామాలు నేర్పాను. ఎంత ఓపికగా చేస్తున్నావు తమ్ముడూ అనేవాడు. శుక్రవారం మళ్ళీ అదే బార్ పట్టుకుని వాగు దాకా పాడుకుంటూ వెళ్ళొచ్చేవాడు.

చివరికి అన్న ఆరాధనలో ప్రార్థన మనవి పెట్టుకున్నాడు. మూడు శుక్రవారాలు సంఘమంతా ఉపవాసం. అందరూ కన్నీళ్ళతో, ప్రభువా ఆ నరాలను ముట్టుమని వేడుకుంటుంటే నేను తేలు కుట్టిన దొంగలా వాళ్ళ మధ్య మోకరించి, ప్రభువా ఆ బార్‌ను విరగ్గొట్టుమని లోలోపల అడిగాను. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. నేనూ ఉపవాసమే మరి. దోషికి ఆకలి తక్కువుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ మూడు వారాలూ అన్న సైకిల్ తీయలేదు. ఉపవాసం కాబట్టి రావడం లేదనుకున్నాం. నాలుగో వారం లేచి సాక్ష్యం చెప్పాడు. నాకు ఇష్టమైనదాన్ని విడిచిపెడతానని దేవునికి మొక్కుకున్నాను, ఇక జన్మలో సైకిల్ ఎక్కను, ఎక్కనన్న దినం నుంచే నా వేళ్ళలోకి ప్రాణం తిరిగొచ్చింది అన్నాడు. రెండు చేతులూ ఎత్తి వేళ్ళు ఆడించి చూపించాడు. సంఘమంతా స్తోత్రం అంది. నా కోసం మైనం కాచిన నా తమ్ముడు అంటూ నన్ను కూడా నిలబెట్టాడు. నిలబడ్డాను. స్తోత్రం అన్నాను. అందరికంటే గట్టిగానే అన్నాను.

ఆ సాక్ష్యం అక్కడితో ఆగలేదు. మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దాయన బిర్యానీ వదిలేశాడు. బరువు తగ్గింది, మోకాళ్ళు నిజంగానే బాగుపడ్డాయి. ఆయనా సాక్ష్యం చెప్పాడు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఎంతమంది విశ్వాసం కూలుతుందో అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. నిజంగా వాళ్ళ విశ్వాసం గురించేనా నా దిగులు? కాదు. పండితుడు అన్న పేరు గురించే. ఇప్పటికీ అదే.

మొక్కు చెల్లించాడు కదా, ఆ సైకిల్‌ను ఎవరికిచ్చాడనుకున్నారు? నాకే. మారు మాట్లాడకుండా తీసుకున్నాను. ముందు ఆ బార్ పీకించి, వెడల్పుది వేయించాను. బార్ మార్చావేంట్రా అని అన్న అడిగితే, అది నీలాంటి గట్టి రైడర్లకే అన్నా, నా వల్ల కాలేదన్నాను. పాపం, పొంగిపోయాడు.

ఇప్పుడు ఆయనకు యాభై దాటాయి. ప్రతి శుక్రవారం కారులో ఫ్లాస్కుతో టీ తెచ్చుకుని, మేం ఆగే చోట ముందే వచ్చి కూర్చుంటాడు. పాటలు పాడటం మానేశాడు. కూర్చుని ఏం పాడతాంరా అంటాడు. టీ పోశాక నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంటాడు. చిటికెన వేలు నొక్కుతాడు, ఉంగరం వేలు నొక్కుతాడు.

"మొద్దుబారట్లేదు కదా తమ్ముడూ? నాకొచ్చింది నీకు రాకూడదు. ఏమాత్రం అనిపించినా దాయమాక, చెప్పు" అంటాడు.

"లేదన్నా" అంటాను.

ఐదేళ్ళలో ఈ చేతుల గురించి నేను ఆయనకు చెప్పిన నిజం ఆ ఒక్క మాటే. మిగతాది ఇదిగో, మీకు చెప్పాను.