వినపడని అవ్వకు చెప్పిన మాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా నాన్న కడప దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టర్. దయ్యం పట్టిందంటూ మా ఇంటికి తీసుకొచ్చిన మనుషుల్ని చూస్తూ పెరిగాను. వాళ్ళలో చాలామందికి కావలసింది కాస్త నిద్ర, వేళకు తిండి, ఇంట్లో దెబ్బలు పడకపోవడం. ఆ తర్వాత నేను చదివింది కెమిస్ట్రీ. కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికో నమ్మించడానికో రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మా ప్రార్థన బృందం వాళ్ళం ఆదివారం మధ్యాహ్నాలు లాలాగూడ వైపు ఒక ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. తార్నాకలో కలుసుకుని రెండు ఆటోలు మాట్లాడుకునేవాళ్ళం. వార్డు సిస్టర్ అనుమతి ఉండేది. రోగుల్ని పలకరించడం, వింటామంటే సువార్త చెప్పడం, వద్దంటే పండ్లిచ్చి వచ్చేయడం మా పని. నేను బాగా చెబుతానని బృందంలో పేరు.

ఆ పేరున్న రోజుల్లోనే ఒక తప్పు చేశాను.

హాస్టల్లో నా రూమ్మేట్ రాధిక. సూర్యాపేట వైపు రైతు కుటుంబం. వాళ్ళ నాన్న హఠాత్తుగా చనిపోయాడు. దినాలు ముగించుకుని తిరిగొచ్చిన రోజే నేను ఆమె మంచం మీద కూర్చుని నిత్యజీవం గురించి మొదలుపెట్టాను. ఆమె కాసేపు విని, "మరి మా నాయన యాడున్నడు?" అని అడిగింది. అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. నమ్మనివాళ్ళు నరకానికే పోతారని నాకు నేర్పిన జవాబు చెప్పేశాను.

రాధిక దుప్పటి ముసుగేసుకుంది. గోడవైపు తిరిగి పడుకుంది. వారంలోపే రూము ఖాళీ చేసి హబ్సిగూడలో ఒక లేడీస్ హాస్టల్‌కు మారిపోయింది. క్యాంపస్‌లో దూరంగా కనిపిస్తే నేను లైబ్రరీ వైపు తప్పుకునేదాన్ని. ఈ సంగతి బృందంలో గానీ, ఇంట్లో గానీ ఎవరికీ చెప్పలేదు.

దాదాపు ఏడాది గడిచాక, ఒక ఆదివారం ఆ ఆసుపత్రిలో చివరి మంచం మీద ఒక అవ్వ కనిపించింది. ఒక కన్ను ఎప్పుడో పోయిందట. రెండో కంటికి ఆపరేషన్ చేస్తే చీము పట్టింది. రెండు కళ్ళనూ కప్పేస్తూ కట్టు కట్టారు. పక్క మంచం ఖాళీ. స్టూలు లాక్కుని కూర్చుని ఆమె చేయి పట్టుకుని, బైబిల్లోని తప్పిపోయిన గొర్రె కథ చెప్పాను. ఆమె ఊ కొట్టలేదు, వద్దనీ అనలేదు.

కథ అయిపోయింది. బయల్దేరడానికి ఇంకా టైముంది. ఎందుకో తెలియదు, గొంతు తగ్గించి రాధిక సంగతి చెప్పడం మొదలుపెట్టాను. పేరు చెప్పలేదు. "మా రూము పిల్ల" అన్నాను. తండ్రి పోయిన పిల్లతో నేనేం అన్నానో చెప్పాను. దుప్పటి కింద ఆమె ఏడుస్తుంటే వినపడినా నిద్రపోయినట్టు నటించానని కూడా చెప్పాను. పది నిమిషాలు పట్టి ఉంటుంది.

అప్పుడే టిఫిన్ బాక్సుతో అవ్వ కోడలు వచ్చింది. నన్ను చూసి నవ్వింది.

"మా అత్తమ్మకు ఇనపడదు చెల్లె. చానా ఏండ్లాయె. పక్కన పటాకి పేల్చినా తెల్వది."

సిగ్గేసింది. నిజం చెప్పాలంటే, ఆ వెంటనే మనసు తేలికపడింది కూడా. మరి మీరెలా మాట్లాడుకుంటారని అడిగాను. కోడలు చూపించింది. అరచేతిలో ఒకసారి నొక్కితే ఔను, రెండుసార్లు నొక్కితే కాదు. గిన్నె చేతికి తగిలిస్తే అన్నం. కట్టు కట్టినప్పటి నుంచి వాళ్ళకు అంతకు మించి భాష లేదు.

"ప్రార్థన చేయనా అక్కా?" అన్నాను.

"చెయ్యి చెల్లె. ఏ దేవుడైతేంది, కన్ను మంచిగైతే చాలు."

తర్వాతి ఆదివారం నేను వార్డులో అడుగుపెట్టగానే కోడలు ఎదురొచ్చింది.

"రూము పిల్ల ఎవరు చెల్లె? వారం సంది అత్తమ్మ ఒక్కటే లొల్లి. రూము పిల్ల ఇంక ఏడుస్తనే ఉన్నదా అని అడుగుతున్నది. మా ఇంట్ల గసుంటి పిల్ల ఎవరు లేరు."

మంచం దగ్గరికి వెళ్ళి అవ్వ చేయి పట్టుకున్నాను. ఆమె నా వేళ్ళు తడిమి చూసింది. వినపడనివాళ్ళ పెద్ద గొంతుతో, వార్డంతా వినేలా అడిగింది.

"నువ్వేనా బిడ్డా? పోయినవా గా పిల్ల కాడికి?"

ఆమె అరచేతిలో రెండుసార్లు నొక్కాను.

అవ్వ చేయి వెనక్కి తీసుకుంది. "ముందుగాల గాడికి పో. గొర్రె కత ఎన్క చెప్దువు గని."

బృందంలో ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి హబ్సిగూడకు ఆటో ఎక్కాను.

రాధిక హాస్టల్ గేటు దాకా వచ్చింది గానీ దాన్ని తీయలేదు. దారిలో చాలా అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం కొంచెమే. "ఆ పొద్దు నేను చెప్పింది తప్పు రాధికా. మీ నాయన ఎక్కడున్నాడో చెప్పేదానికి నేనెవర్ని?"

ఆమె గేటు పట్టుకునే నిలబడింది. "మా నాయన దేవున్ని నమ్మిండో లేదో నాకే తెల్వదు. ఇన్నేండ్లు ఆయన ఇంట్ల పెరిగిన. నీకెట్ల తెలిసింది?"

నాకు తెలియదనే చెప్పాను.

ఆమె లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది. రోడ్డు మీద టిఫిన్ సెంటర్లో కూర్చున్నాం. వాళ్ళ నాన్న గురించి చెప్పింది. బోరు మోటారు మొరాయిస్తే మనిషిని బతిమాలినట్టు దాన్ని బతిమాలేవాడట. కోపమొస్తే అన్నం మానేసి బర్రెను కడుగుతూ కూర్చునేవాడట. క్షమించానని ఆమె అనలేదు. వెళ్ళేముందు, "వచ్చే ఆదివారం రా. గని నీ దేవుని పుస్తకాలు తేకు," అంది.

మరుసటి ఆదివారం ముందుగా ఆసుపత్రికి వెళ్ళాను. అవ్వ మంచం ఖాళీ. కన్ను నయమై ఊరికి వెళ్ళిపోయిందన్నారు. సిస్టర్‌ను అడిగితే కేస్ షీట్ చూసి చెప్పింది. రెండు చెవులకూ వినికిడి లేదు, ఇక్కడే పరీక్ష చేశారు. నేను మాట్లాడిన రోజు దగ్గర్లో ఉన్న రోగి ఆరు మంచాల అవతల ఉన్న ఒక ఒడియా ఆవిడ. ఆమెకు తెలుగు రాదు. ఎవరో చాటుగా విన్నారే అనుకుందాం. అరచేతిలో ఒకసారీ రెండుసార్లూ నొక్కి ఒక గొర్రెనూ ఒక రూము పిల్లనూ ఎలా చెబుతారు?

చేతి ద్వారా గొంతు అదురు తెలుస్తుందేమో అనుకున్నాను. క్యాంపస్ హాస్టల్లో ఒక స్నేహితురాలి కళ్ళకు చున్నీ కట్టి, చెవుల్లో దూది పెట్టి, పైన హెడ్‌ఫోన్లు తగిలించి, చేయి పట్టుకుని ఒక కథ చెప్పాను. ఏం తెలిసిందని అడిగితే, "నీ చెయ్యి చెమట పడ్తున్నది," అంది.

తర్వాత ఈ సంగతి తెలిసి, దీన్ని ప్రార్థన కూటంలో అందరి ముందు సాక్ష్యంగా చెప్పమని మా బృందం పెద్ద చాలాసార్లు అడిగాడు. చెప్పలేదు. ఇందులో రాధిక నాన్న ఉన్నాడు. ఆయన్ని ఇంకెవరినో నమ్మించడానికి వాడుకోవడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు రాసింది కూడా ముందు రాధికకే చూపించాను. నాన్న గురించి రాసిన రెండు వాక్యాలు రెండుసార్లు చదువుకుంది. ఉంచమంది.

అవ్వ సంగతి మాత్రం తేలిగ్గా తీసేసింది. "ఎవరో చెప్పుంటరు లే ఆమెకు."

"ఎవరు? ఎట్లా చెప్తారు?" అన్నాను.

రాధిక కాగితాలు పక్కన పెట్టి తన అరచేతిలోనే ఒకసారి, రెండుసార్లు నొక్కి చూసుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. ఆమెకూ తెలియలేదు. నాకు ఇప్పటికీ తెలియదు.