బెల్లం లేని దాణా

మా ఇంట్లో గుర్రం ఉందని చెబితే ఎవరైనా మొదట నవ్వుతారు. నడుము దాకా కూడా రాదు, దీన్ని గుర్రమంటారా అంటారు. ఆ వెంటనే ఏదో ఒకటి తినిపిస్తారు. బిస్కెట్, అరటిపండు, జిలేబీ ముక్క, ఏది దొరికితే అది. నవ్వినందుకు నాకేమీ అనిపించదు. అడగకుండా తినిపిస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

నిజామాబాద్‌లో మాది టెంట్ హౌస్. కుర్చీలు, షామియానాలు, స్టేజీ మీద పూలు. మగపిల్లలకు ధోతి ఫంక్షన్ చేసేవాళ్ళు పిల్లాణ్ణి గుర్రం మీద హాలు దాకా తీసుకురావాలని ముచ్చటపడుతున్నారు. పెద్ద గుర్రమైతే చిన్న పిల్లలు జడుసుకుని ఏడుస్తున్నారు. అందుకని మా ఆయన ఎక్కడో వెతికి ఈ పొట్టి జాతి ఆడగుర్రాన్ని తెచ్చాడు. దానికి జీను కుట్టించాడు, మెడకు గంటలు కట్టించాడు, నెత్తిన కుచ్చు పెట్టించాడు. అది ఏం తినాలో మాత్రం అమ్మినవాణ్ణి అడగలేదు. అది నా పనట. ఇంట్లో నోరున్న ప్రతి ప్రాణికీ తిండి చూడటం నా పనే కదా.

ఫంక్షన్‌కు పోయిన ప్రతిచోటా, పిల్లాణ్ణి ఎక్కించే ముందు ఆ ఇంటి ఆడవాళ్ళు గుర్రానికి బొట్టు పెట్టి, నానబెట్టిన శనగలూ బెల్లమూ తినిపిస్తారు. మేనత్త ఒక ముద్ద, పెద్దమ్మ ఒక ముద్ద, ఫోటో సరిగా రాలేదని మళ్ళీ ఒక ముద్ద. వద్దంటే శుభకార్యంలో అపశకునం పలికినట్టు చూస్తారు.

ఇక ఇంట్లో మా అత్తమ్మ. ఆమె పుట్టిల్లు బోధన్ పక్కన, చెరుకు పండించే ఊళ్ళో. వాళ్ళింట్లో ఎండన పడి వచ్చినవాళ్ళకు బెల్లం నీళ్ళు, ఈనిన బర్రెకు బెల్లం, గానుగ దగ్గర అలిసిన ఎద్దుకు బెల్లం. అలా పెరిగిన మనిషికి ఒక ప్రాణి మీద ప్రేమ కలిగిందంటే చెయ్యి దానంతటదే బెల్లం డబ్బా వైపు పోతుంది. తమ్ముడితో చెప్పి చెరుకు కొసలు ఆటోలో తెప్పించి మరీ వేసేది. గుర్రం గుండ్రంగా తయారైంది. ఎంత బాగా సాకుతున్నారు అని వాడకట్టంతా మెచ్చుకుంది.

ఒకరోజు నవీపేట్‌లో ఫంక్షన్‌కు తీసుకుపోతే, బండి దిగింది గానీ అడుగు వేయలేదు. ముందుకాళ్ళు రెండూ ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. మా ఆయన నఖరాలు చేస్తుందని తాడు పట్టి లాగాడు. నేను వంగి గిట్ట మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. ఫంక్షన్ వాళ్ళు అరుస్తున్నా వినకుండా దాన్ని మళ్ళీ బండి ఎక్కించాను. 

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. మనుషులకు షుగర్ ఎట్లనో దీనిదీ అట్లాంటిదే అనుకోండి అన్నాడు. తీపి ఎక్కువై గిట్టల లోపల వాచింది. ఇంకా ముదిరితే లోపలి ఎముక కిందికి దిగిపోతుంది, ఇక నిలబడలేదు. బెల్లం, చెరుకు, శనగలు, తవుడు అన్నీ బంద్. అలాగని పస్తు పెట్టకూడదట. ఈ పొట్టి జాతి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా రక్తంలో కలిసి లివర్ చెడిపోతుంది. కడుపు నిండా తినాలి, అందులో తీపి ఉండకూడదు. అట్లాంటి దాణా చూసి కొనమని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఊళ్ళో దాణా దుకాణానికి పోయాను. దుకాణాయన తల కూడా ఎత్తకుండా ఒక బస్తా ముందుకు నెట్టాడు.

"గిది తీస్కపో అక్క. బర్రెలు, ఆవులు అన్నీ గిదే తింటయ్."

"గుర్రానికి గావాలె అన్నా. పాలిచ్చేది కాదు."

"అన్నీ పశువులే గద."

ఆవుల దాణాలో, కోళ్ళ దాణాలో కలిపే మందులు కొన్ని గుర్రాన్ని చంపేస్తాయని డాక్టరు ముందే హెచ్చరించాడు. ఆ మాట చెబితే దుకాణాయన నవ్వి, ఇన్నేళ్ళలో ఎవరూ వాపసు తేలేదన్నాడు. గుర్రం చచ్చినవాళ్ళు బస్తా ఎందుకు వాపసు తెస్తారు?

తరువాత హైదరాబాద్ నుంచి గుర్రాల దాణా తెప్పించాను. బస్తా మీద గాల్లో తేలుతున్నట్టు పరుగెత్తే పెద్ద గుర్రం బొమ్మ. మూతి విప్పగానే గానుగ దగ్గర నిలబడ్డట్టు తీపి వాసన. బస్తా మీద మాంసకృత్తులు రాశారు, పీచు రాశారు. తీపి ఎంతో రాయలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే అవతల కుర్రవాడు మీ గుర్రం రోజుకు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తుతుంది మేడం అని అడిగాడు. లేచి నిలబడితే చాలు బాబూ అన్నాను. అయితే బలానికి ఇదే మంచిదట. తీపి ఎంతుందయ్యా అంటే, బాగానే ఉంటుంది మేడం, ఇష్టంగా తింటుంది అన్నాడు. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

చివరికి డాక్టరే ఇంకో పేరు చెప్పాడు. ఎండుగడ్డిని పొడి చేసి, ఖనిజాలు కలిపి గుళికలుగా చేసిన దాణా. నీళ్ళలో నానబెట్టి పెట్టాలి. వాసన చూస్తే ఒట్టి గడ్డి. గుర్రం ఒకసారి ముక్కు పెట్టి మొహం తిప్పేసుకుంది. ఆ వారంలోనే గిన్నె ఖాళీ అవడం మొదలైంది. నా కష్టం ఫలించిందని పొంగిపోయాను.

కానీ గిట్టల వేడి తగ్గలేదు. అది పడుకుంటే లేవడానికి మూలిగేది. నాకు పిచ్చి కోపం వచ్చింది. బస్తా మీద అబద్ధాలు రాశారని ఆ గుళికల కంపెనీవాళ్ళను ఫోన్‌లో కడిగేశాను. డాక్టరునూ వదల్లేదు. వేరే దాణా తెప్పించాను. దాన్నీ నాకి నాకి తిన్నది, అయినా నిలబడలేదు. ఒక మధ్యాహ్నం మా టెంట్ హౌస్ దుకాణం నుంచి తొందరగా ఇంటికి వస్తే, గుర్రాన్ని కట్టే రేకుల షెడ్డులో అత్తమ్మ గిన్నె ముందు కూర్చుని చెంబుతో ఏదో పోస్తోంది.

"ఏం పోస్తున్నవ్ అత్తమ్మా?"

"ఏం లేదు. జెరన్ని బెల్లం నీళ్లు."

"డాక్టర్ చెప్పింది నువ్వు ఇన్నవ్ గద."

"ఇన్న. తినకుంటె సస్తదని గూడ చెప్పిండు. నువ్వు గా గడ్డి గోలీలు పెట్టి దుకాణంకు పోతివి. పొద్దుగూకేదాంక మూతి పెట్టలే. సూస్కుంట ఊకుండాల్నా?"

"నువ్వు పోసిన ప్రతి చెంబు దాని కాళ్లు తీస్తున్నది."

"మరి సంపనీకి పోసిన్నా నేను?"

నేను ఇంకా గట్టిగా అరిచాను. చెంబు లాక్కుని వాకిట్లో పారబోశాను. ఇన్ని రోజులు ఊళ్ళోవాళ్ళనూ కంపెనీవాళ్ళనూ తిట్టానే, ఇంట్లో నా వెనకే ఇది జరుగుతోంది. మా ఆయన వచ్చి, వాళ్ళమ్మను వెనకేసుకొస్తూ, అవ్వ తెల్వక చేసింది ఇడిసిపెట్టు అన్నాడు. తెలియక కాదు, అన్నీ తెలిసే చేసింది. ఆదివారం ఇందల్వాయిల ఫంక్షన్ ఉన్నది, అప్పటికి నడుస్తదా అని కూడా అడిగాడు. ఆ జీను నువ్వే కట్టుకుని పో అన్నాను.

బెల్లం నీళ్ళు ఆగగానే గుర్రం తిండి మానేసింది. గిన్నె పొద్దున పెట్టింది పెట్టినట్టే సాయంత్రానికి పులిసేది. ఇంకో రోజు ఇట్లాగే ఉంటే కష్టమని డాక్టరు చెప్పేశాడు. దాని పక్కన కూర్చుని బతిమాలాను, మెడ నిమిరాను, గుళికలు పెదవులకు రాశాను. కళ్ళు మూసుకుంది. అంతలో వంటింటి గడపలో అత్తమ్మ గాజుల చప్పుడైంది. ఆ చప్పుడుకు అది చెవులు నిక్కించి, ఆ కాళ్ళ మీదే లేవబోయింది. లేవలేక మళ్ళీ కూలబడింది. నా కోసం ఒక్కసారైనా అట్లా లేవబోలేదు.

"రా అత్తమ్మా. నువ్వే పెట్టు. బెల్లం లేకుంట పెట్టు," అన్నాను.

ఆమె వచ్చి నేల మీద చతికిలబడింది. నానిన గుళికలు అరచేతిలోకి తీసుకుని దాని మూతి దగ్గర పెట్టింది. గుర్రం వేళ్ళ సందులన్నీ వెతికింది. అరచెయ్యి అంచులు నాకింది. ఇంకేదో వస్తుందని కాసేపు ఆగింది.

"తిను బిడ్డా. ఇందుల ఏం లేదు, తిను," అంది అత్తమ్మ. నావైపు చూడలేదు.

తిన్నది. మెల్లగా, ఇష్టం లేకుండా, ఆ చేతిలోది అంతా తిన్నది. దాన్ని బతికించుకోవాలని ఇన్ని దుకాణాలు తిరిగింది నేను, ఇందరితో కొట్లాడింది నేను. అది మాత్రం తన కాళ్ళు పాడు చేసిన చేతిలోంచే తిన్నది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. అయినా రోజూ పొద్దున్నే దాణా నానబెట్టి, గిన్నె తీసుకుపోయి ఆమె చేతికే ఇస్తున్నాను.