ఫెయిర్ కాపీ రాసిన చేయి

నాది గని టైమాఫీసు గుమాస్తా దస్తూరి. హాజరు పట్టీలో పేర్లు నింపడానికి సరిపోతుంది గానీ, పత్రిక సంపాదకుడి ముందు పెట్టడానికి పనికిరాదు. అందుకే పెళ్లయిన మొదటి నెల నుంచీ నా కథలకు ఫెయిర్ కాపీ మా ఆవిడే రాసేది. ఆమె బళ్లో తెలుగు టీచరు, తానూ కథలు రాసేది. ఇద్దరూ రాసేవాళ్లే, ఎంత అదృష్టమని మా గని ఇళ్ల లైన్లో అందరూ అనేవారు. నేనూ అదే అనుకున్నాను. కాకపోతే ఆ అదృష్టం ఆమెదని నా ఉద్దేశం.

అప్పటికి గనులు సర్కారువి అయిపోయాయి. దొరలు వెళ్లిపోయినా దొరతనం మాత్రం కొంత మా ఇంట్లో మిగిలిపోయింది. ఉన్నది ఒక్క టేబులు. నేను రాసినంతసేపు అది నాది, నా ఫెయిర్ కాపీ రాసేటప్పుడు ఆమెది. తన సొంత కథ మటుకు వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టుకుని రాసేది. భూమి లోపల రాయి పేలి ఇల్లు అదిరినప్పుడల్లా ఆమె గిన్నెలు పట్టుకునేది, నేను నా కాయితాలు పట్టుకునేవాణ్ణి. ఒకర్నొకరం పట్టుకున్న గుర్తు లేదు.

ఆమె కాపీ రాస్తూ రాస్తూ కథను కాస్త మార్చేది. నా కథానాయిక రెండు పేజీలు ఏడిస్తే, ఆమె కాపీలో రెండు మాటల్లో ఊరుకునేది. మొదట్లో కేకలేశాను. కథలు అచ్చవడం మొదలయ్యాక కేకలు మానేశాను, చదవడమూ మానేశాను. ఆమె రాసింది రాసినట్టే కవర్లో పెట్టి పోస్టు చేసేవాణ్ణి. ఒకసారి కోలారు నుంచి ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చి, నా కథలో ఒక వాక్యం నోటికి అప్పజెప్పి, "ఇది ఎట్ల తోచిందప్పా మీకు?" అన్నాడు. నేను రాసింది కాదు, అది ఆమె వాక్యం. ఆమె కాఫీ గ్లాసులతో అక్కడే నిలబడి ఉంది. నేను కాసేపు పైకప్పు కేసి చూసి, "అట్ల తోచేస్తాదంతే" అన్నాను. ఆమె గ్లాసులు పెట్టి లోపలికి పోయింది. అప్పుడు పడని సిగ్గు ఇప్పుడు పడుతున్నాను.

ఆ తరువాత ఇంట్లో మాటలు తగ్గాయి. పాలు, ఉప్పు, చాకలి పద్దు, అంతే. పోనీలే, కథకు పనికొస్తుందనుకున్నాను. మొగుణ్ణి అర్థం చేసుకోకుండా మూతి ముడుచుకుని తిరిగే పెళ్లాం మీద కథ రాసి, ఫెయిర్ కాపీకి ఆమెకే ఇచ్చాను. అంత తెలివి లోకంలో ఇంకే మొగుడికీ ఉండదు. మూడో రోజుకి కాపీ టేబులు మీద ఉంది. పోస్టు చేశాను. దసరా సెలవులయ్యాక ఆమె శ్రీనివాసపురానికి బదిలీ అడిగి తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు రోజుల్లో తనే వస్తుందని ఆరు నెలలు ఎదురుచూశాను.

ఆమెకు బదులు పత్రిక నుంచి ఆ కథ తిరిగొచ్చింది. చిత్తుప్రతి పక్కన పెట్టుకుని చదివాను. ఆమె ఒక్క మాట కూడా మార్చలేదు. నేను ఎంత చెడ్డగా రాస్తానో మొదటిసారి చూశాను. ఆమె నా మీద ఆశ వదులుకుందని కూడా అప్పుడే తెలిసింది. భయమేసింది.

శ్రీనివాసపురం బస్సెక్కాను. మామిడికాయల లారీల సందుల్లోంచి దారి చేసుకుని ఆమె గది పట్టుకున్నాను. "ఇంటికి రా. ఇంగ నీ కథలకు నేను ఫెయిర్ కాపీ రాస్తాను" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి, తన కొత్త కథ చిత్తుప్రతి, పది కాయితాలు తెచ్చి ఇచ్చింది. "ఉండేది ఉన్నట్టు రాయండి. ఒక్క మాటా మార్చకుండా రాసినారంటే, వచ్చేది ఆలోచిస్తాను."

అరుగు మీద కూర్చుని మధ్యాహ్నమంతా రాశాను. ఇల్లు వదిలిన ఒక ఇల్లాలి కథ. చివర ఆమె బస్సెక్కుతుంది, బస్సు కదులుతుంది, అంతే. మరీ మొండిగా ముగిసిందనిపించింది. చేయి ఊరుకోలేదు. ఒకే ఒక్క వాక్యం కలిపాను: ఆమె వెనక్కి తిరిగి చూసింది.

మా ఆవిడ చదివింది. కోపం కూడా రాలేదు. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది.

"ఆమె చూడలేదండీ" అంది. "అయిదు గంటలకు కోలారు బస్సు ఉండాది. పొండి."

ఆ బస్సు ఆమె వీధి మీదుగానే పోతుంది. వెనక్కి తిరిగి చూసింది నేనే. ఆమె అరుగు మీద కూర్చుని, నా కోడిగీతలు పక్కన పడేసి, తన కథకు తనే ఫెయిర్ కాపీ రాసుకుంటోంది.