సాయిప్రియ వేళ్ళకే తెలిసిన ఎడిటర్

“నాకు తెలీదు ప్రమీలా, నా వేళ్ళకి తెలుసు. ఆగు, గుర్తు తెచ్చుకోనీ!”

మొన్న స్కూటీ మీంచి పడ్డ సాయిప్రియకు కుడి మణికట్టుకు పెద్ద కట్టు. జగ్గయ్యపేటలో నాన్నగారి కిరాణా కొట్టు పైగదిలో కూర్చుని, నందిగామలోని ఒక డయాలసిస్ కేంద్రం కంప్యూటర్ ప్రోగ్రామును నడిపేది ఆమే. ఇవాళ అక్కడ రెండు మిషన్లు ఆగిపోయాయి. రేపటి వేళలు మార్చకపోతే నాలుగింటికి పాతవే రోగుల ఫోన్లకు వెళ్ళిపోతాయి. అప్పుడు టైము మూడూ పది. టైపు చేసిపెట్టడానికి తోటి ఉద్యోగి ప్రమీలారాణి నందిగామ నుంచి బస్సెక్కి వచ్చింది.

“ప్రోగ్రాము రాసుకునే ఎడిటర్ ఇలా ఉంటుందా అక్కా! మెనూ లేదు, బటన్ లేదు.”

“అడ్డమని తీసేశా. పన్నెండేళ్ళుగా నా కొలతలకి కుట్టుకున్నా దీన్ని.”

“మీ జాకెట్టు నాకు తొడిగితే ఊపిరాడద్దూ!”

ఎవరూ నవ్వలేదు. వాళ్ళ నాన్నగారి స్నేహితుణ్ణి, అక్కడే మూలన కూర్చున్న నేను ఆ పైగదిలో ఇదివరకు చాలాసార్లు చూశాను: ఆమె రెండు మీటలు నొక్కితే, నలభై ఫైళ్ళలో ఎక్కడెక్కడో ఉన్న వేళలన్నీ ఒకచోట చేరేవి. మరొకటి నొక్కితే సర్వరుకు వెళ్ళేవి. మామూలు ఎడిటర్‌లో తెరుద్దామంటే అందుకే కుదరలేదు. పంపే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంది, విడిగా ఎక్కడా రాసి పెట్టుకోలేదు.

సాయిప్రియ కళ్ళు మూసుకుని కీబోర్డు పక్కన బల్ల మీద, అక్కడా అవే మీటలున్నట్టు వేళ్ళు ఆడించింది. నొప్పికి పెదవి కొరుక్కుంది.

“ఇప్పుడు నా చిటికెనవేలు ఎక్కడుందో చూడు. అదే నొక్కు.”

అలా ఒక్కొక్కటే నొక్కుతూ మూడూ నలభైకి వేళలు మార్చారు. ప్రమీల అలవాటు కొద్దీ, మిగతా ఎడిటర్లన్నిట్లో సేవ్ చేయడానికి వాడే మీటలే నొక్కింది. తెర ఖాళీ అయిపోయింది.

“అయ్యో, ఏం చేశానక్కా?”

“నా దగ్గర అది మొత్తం తుడిచేసే కీ.” సాయిప్రియ గడియారం వైపు చూసింది. “ఏడవకు, తప్పు నీది కాదు. నిమిషానికో కాపీ దాచమని కూడా దీనికి నేర్పా.”

ఆ కాపీ తెరిచే మీటలు గుర్తు రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయనగా మార్పు సర్వరుకు చేరింది. నాలుగింటికి కొత్త వేళలు వెళ్ళాయి. ఒక్కరికి మాత్రం అందలేదు.

“రత్తయ్య గారి ఫోను ఎప్పుడూ స్విచాఫే,” అంటూ సాయిప్రియ నా వైపు తిరిగింది. “బాబాయ్ గారూ, ప్రమీల ఈ రాత్రికి ఇక్కడే ఉంటుంది. మీరు ఎక్కే బస్సు నందిగామ మీదుగానేగా? బస్టాండు వెనక సైకిల్ షాపు ఆయనదే. కాస్త దిగి, రేపు సాయంత్రం కాదు, పొద్దున ఆరింటికే డయాలసిస్‌కి రమ్మన్నారని చెప్పండి. ఆయన నోటితో మళ్ళీ చెప్పించుకునే కదలండి.”