మూడుసార్లు పరిగెత్తిన ఒకే పందెం

ఈ మధ్య మా మనవరాలి స్కూలువాళ్ళు ఆటల పోటీలు పెడితే, మోకాళ్ళ నొప్పి సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రానీయకుండా నేనూ బయలుదేరాను. వైట్‌ఫీల్డ్ దగ్గర అద్దెకు తీసుకున్న మైదానం, ఇటుకరంగు రబ్బరు బాట, దాని మీద తెల్లటి గీతలు. పిల్లలు ఒక్కొక్కరూ రెండేసి గీతల మధ్య, లోపలి పిల్లకంటే బయటి పిల్ల కాస్త ముందు, ఆమెకంటే ఆ అవతలి పిల్ల ఇంకాస్త ముందు, అలా ఏటవాలుగా నిలబడ్డారు. నా పక్క కూర్చున్న ఒక కుర్ర తండ్రి లేచి, లాస్ట్ లేన్ పాప అంత ముందు నిలబడితే ఫెయిర్ ఎలా అవుతుందని టీచరమ్మను నిలదీశాడు. ఆమె ఫోనులో ఏదో బొమ్మ చూపించింది, అతను తలూపి కూర్చున్నాడు, గొడవ అక్కడితో సరి. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఏమిటత్తయ్యా అని కోడలు అడిగింది కానీ, ఆ నవ్వు వెనక సంగతి చెప్పాలంటే నా ఈడువాళ్ళు కావాలి, వాళ్ళకయితేనే అంత ఓపిక ఉంటుంది.

మేము కాడుగోడిలో ఉండేవాళ్ళం. ఇప్పుడది బెంగుళూరులో కలిసిపోయింది గానీ, అప్పుడు రైలు స్టేషనూ సంతా ఉన్న ఒక ఊరు, అంతే. మా తాతల నాడే వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం, బజారులో మా నాన్నకు బట్టల కొట్టు. నేను హైస్కూల్లో చదువుతుండగా చుట్టుపక్కల ఊళ్ళ స్కూళ్ళన్నిటికీ కలిపి జరిగే పోటీలు మా స్కూల్లో పెట్టారు. గెలిచినవాళ్ళను తాలూకా పోటీలకు బస్సులో తీసుకువెళతారు. నాకు పరుగు అంటే ఎంత ఇష్టమో బస్సు అంటే అంతకంటే ఎక్కువ ఇష్టం, కనుక ఆ ఏడాది గెలిచి తీరాలని పట్టుబట్టి, పొద్దున్నే పాలు తేవడానికి కూడా పరిగెత్తే వెళ్ళేదాన్ని, సగం పాలు దారిలోనే ఒలికిపోయేవి.

అంతకు ముందు సంవత్సరాల్లో పరుగుపందెం అంటే అందరూ ఒక గుంపుగా నిలబడి, విజిల్ ఊదగానే మైదానం చుట్టూ తోసుకుంటూ పరిగెత్తడమే. ఆ ఏడు మాత్రం మా డ్రిల్లు మాస్టారు ఎక్కడో శిక్షణకు వెళ్ళి వచ్చి, తాడూ మేకులూ పట్టుకుని, సున్నంతో గుండ్రటి గీతలు గీసి, ఎవరి దారి వాళ్ళకు ఏర్పాటు చేశారు. మైదానం చుట్టూ తిరిగి రావాలి గనుక బయటి దారి పొడుగు, అందుకని బయటివాళ్ళు ముందు నిలబడాలి అని లెక్కగట్టారు. నాకు అన్నిటికంటే బయటి దారి వచ్చింది. పక్క ఊరి స్కూలు అమ్మాయికి, నాకు గట్టి పోటీ అని అందరూ అనుకునే పిల్లకు, లోపలి దారి వచ్చింది. విజిల్ మోగింది, నేను వెనక్కి చూడకుండా పరిగెత్తాను, గెలిచాను.

మా అమ్మమ్మ మదనపల్లి వైపు నుంచి అప్పుడే చూడటానికి వచ్చి ఉంది, ఆవిడకు కన్నడం బొత్తిగా రాదు. మైదానం చుట్టూ జనమంతా మమ్మల్ని ఉత్సాహపరుస్తూ "ఓడు, ఓడు" అని అరుస్తున్నారు. కన్నడంలో దానికి పరిగెత్తు అని అర్థం. మనవరాలు ప్రాణం పెట్టి పరిగెడుతుంటే ఊరు ఊరంతా ఓడిపొమ్మని శపిస్తున్నదని ఆవిడ హడలిపోయి, దగ్గర్లో అందరికంటే గట్టిగా అరుస్తున్న ఒకావిడ చెయ్యి పట్టుకుని కడిగిపారేసింది. ఆవిడ సరిగ్గా నాతో పోటీపడిన పిల్ల తల్లి. తన కూతురు ఓడిన మంట మీద ఉన్న మనిషికి ఈ తగాదా తోడయింది. ఆవిడ నేరుగా డ్రిల్లు మాస్టారి ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమప్పా మేష్ట్రూ, ఆ పాపని అంత ముందర నిలబెట్టి విజిల్ ఊదితే, మా పాప రెక్కలు కట్టుకోని పోవల్లనా?"

మాస్టారు పాపం ఓపికగా సున్నం గీతల వెంట నడిచి చూపించారు. గానుగ దగ్గర లోపల తిరిగే ఎద్దుకంటే బయటినుంచి దాన్ని తోలుతూ తిరిగేవాడే ఎక్కువ దూరం నడుస్తాడని, అందరికీ అర్థమయ్యేలా ఒక పోలిక కూడా చెప్పారు. ఆయన చేసిన పొరపాటు అదే.

"మాకు గానుగ ఉండాది మేష్ట్రూ," అన్నది ఆవిడ. "అలిసిపోయేది ఎద్దే."

జనం ఘొల్లుమన్నారు. ఇక చేసేది లేక కమిటీ కూర్చుంది. మా హెడ్మాస్టరు, వచ్చిన స్కూళ్ళ హెడ్మాస్టర్లు, ఊరి తరఫున మా నాన్న. పోటీలు మన స్కూల్లో జరుగుతున్నాయి కనుక మనకు అనుకూలంగా తీర్పు ఇచ్చామంటారేమోనని మా హెడ్మాస్టరుకు ఎంత భయమంటే, ఎవరూ అడగకముందే ఆయన మాకు వ్యతిరేకంగా తీర్మానించేశారు. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టి మళ్ళీ పరిగెత్తించాలి, న్యాయమంటే అందరికీ ఒకటే అన్నారు. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి అంటే మొదట ఎత్తినది మా నాన్న. నేను ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాను, ఆయన మాత్రం నావైపు చూడలేదు. మాస్టారు విజిల్ తీసి బల్ల మీద పెట్టి, మీ న్యాయం మీరే ఊదుకోండి అని వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

రెండోసారి ఒకే గీత మీద నిలబడి పరిగెత్తాం. నేను బయటి దారిలో ఊరంతా చుట్టి వచ్చినట్టు వచ్చేసరికి ఆ పిల్ల గెలిచి, గసపోసుకుంటూ నిలబడి ఉంది. ఇప్పుడు రగిలిపోవడం మా వంతు. మా అన్న అప్పుడు కాలేజీలో చేరిన కొత్త, న్యాయం కోసం దేనికైనా సిద్ధంగా ఉండే వయసు. వాడు తెల్ల చొక్కాతో సహా వెళ్ళి గెలుపు గీత మీద అడ్డంగా పడుకుని, ఈ పందెం చెల్లదని ఒప్పుకునేదాకా లేవనన్నాడు. సున్నం వాడి చెంపలకు కూడా అంటింది. లేపడానికి వచ్చిన హెడ్మాస్టరు బతిమాలుతుంటే, ఎవరూ ఊహించని విధంగా ఆ పిల్లే ముందుకు వచ్చింది.

"ఇది నాకొద్దు సార్. ఆ యమ్మి నాకంటే జాస్తి దూరం పరిగెత్తింది. పక్కనే ఉండా గదా, నాకు కనబళ్ళేదా?"

తల్లి కూతురి జడ పట్టుకుని వెనక్కి లాగింది కానీ మాట అప్పటికే బయటపడింది. మా అన్న పడుకున్నచోట నుంచే తలెత్తి ఆ పిల్లను చూశాడు. ఆ చూపు ఎంత దూరం వెళుతుందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

కమిటీ మళ్ళీ కూర్చుంది. మొదటి పద్ధతికి వాళ్ళు ఒప్పుకోరు, రెండో పద్ధతికి మేము ఒప్పుకోము. అప్పటిదాకా ఉక్రోషంతో మూతి ముడుచుకుని ఉన్న మా అమ్మమ్మ, బయలుదేరిన చోటికే మళ్ళీ రావడానికి ఇంతమంది పెద్దలు ఎందుకు కొట్టుకుంటున్నారు, పిల్లల్ని నేరుగా ఎటో ఒకవైపు పంపించరాదా అని అడిగింది. అందరూ ఒకేసారి స్టేషను వైపు తలలు తిప్పారు. స్టేషను నుంచి సంతదాకా ఉన్న రోడ్డు ఒక్క వంపు కూడా లేకుండా ఉంటుంది. మిగతా పిల్లలు అప్పటికే విసిగి ఇళ్ళకు పోయారు గనుక మేమిద్దరమే మిగిలాం. మాస్టారిని బతిమాలి తీసుకొచ్చి విజిల్ మళ్ళీ ఆయన చేతికే ఇచ్చారు.

మేము సగం దూరం వచ్చామో లేదో స్టేషనులో ప్యాసింజరు ఆగి, మనుషులూ గంపలూ రోడ్డు మీదికి వచ్చిపడ్డారు. వంకాయలు దాటుకుంటూ, ఎవరివో కోళ్ళను తప్పించుకుంటూ, వెనక నుంచి రెండూళ్ళ జనం ఓడు ఓడు అని తరుముతుంటే, ఇద్దరం పక్కపక్కనే పోయాం. సంత మొదట్లో ఆ పిల్ల నాకంటే ఒక్క అడుగు ముందు చేరింది. మా అన్న అప్పుడే గంపలు అడ్డం వచ్చాయని మొదలుపెట్టాడు. నాకు ఊపిరి అందడం లేదు, అయినా చెప్పాను.

"ఆ యమ్మే గెల్చింది. గంపలు నాకూ అడ్డమొచ్చినాయి, ఆ యమ్మికీ అడ్డమొచ్చినాయి."

అక్కడే సంతలో మా నాన్న రెండూళ్ళ వాళ్ళకూ చిత్రాన్నం పెట్టించాడు. మా అమ్మమ్మా ఆ గానుగావిడా ఒకే చాప మీద కూర్చుని, ఓడు అనే మాట మీద మళ్ళీ కాసేపు వాదించుకున్నారు.

నాకు రావలసిన బస్సు ఆ పిల్ల ఎక్కింది. తాలూకా పోటీల్లో ఆమె గెలవలేదు గానీ, బయటివాళ్ళను ముందు ఎందుకు నిలబెట్టారని అక్కడ ఎవరో గొడవపడుతుంటే, వాళ్ళమ్మ వెళ్ళి గానుగ ఎద్దు పోలిక చెప్పి ఒప్పించి వచ్చిందట. ఇదంతా నాకు చెప్పింది ఆ పిల్లే, మా వదిన అయిన తరువాత. మా అన్న చదువు ముగిసి ఉద్యోగంలో చేరగానే, పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఆ ఊరి పేరే చెప్పాడు. సంబంధం మాట్లాడటానికి వెళితే, మా పాప గెలిస్తే అడ్డం పడుకున్నోడు ఈడే కదా అని వాళ్ళమ్మ బాగా ఏడిపించి గానీ ఒప్పుకోలేదు.

మా నాన్నతో మాత్రం నేను చాలా రోజులు మాట్లాడలేదు. ఆయనా బతిమాలలేదు. ఒక సాయంత్రం కొట్లో బట్టలు మడత పెడుతూ, నాకు వినబడేలా అన్నాడు.

"నేను నీ పక్క చెయ్యెత్తింటే, నువ్వు ఎప్పుడు గెల్చినా నాయన గెలిపించినాడనే అంటారమ్మా."

అప్పుడది నాకు సాకులా వినిపించింది. ఆ మైదానంలో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి, స్టేషను రోడ్డు మీద పరిగెత్తడం అటుంచి నడవడానికే చోటు లేదు. పోటీల్లో తగువు వస్తే తెర మీద బొమ్మ చూపించి తీర్పు చెప్పేస్తున్నారు, మంచిదే, ఎవరూ ఎండలో మూడుసార్లు పరిగెత్తక్కర్లేదు, ఎవరి చొక్కాకూ సున్నం అంటదు. కానీ పందెం అయిపోగానే ఎవరి కార్లు వాళ్ళు ఎక్కి వెళ్ళిపోతున్నారు, గెలిచిన పిల్ల ఎవరమ్మాయో ఓడిన పిల్ల ఇంట్లో తెలియదు. మొన్న వైట్‌ఫీల్డ్‌లో తల్లిదండ్రులందరూ ఎవరి బిడ్డ కోసం వాళ్ళు చేతులెత్తి అరిచారు. వాళ్ళను అనడానికి నేనెవరిని, నేనూ మా మనవరాలి పేరు పెట్టి గొంతు బొంగురుపోయేలా అరిచి వచ్చిన దాన్నే. దాని ఎదురుగా కూర్చుని, దాని కళ్ళు నామీదే ఉండగా, మా నాన్నలాగా మొదటి చెయ్యి ఎత్తగలనా అని అడిగితే, ఎత్తలేను.